రెక్కలు చూద్దామా

పసుపు రెక్క అంచు తిన్నగానే ఉండాలి. ఉంటుంది కూడా, ఎందుకుండదు, వంకర సరుకు పెట్టి నగసె ఇన్నేళ్ళు దుకాణం నడపగలడా, అయినా ఇనుయి బల్ల మీదికి ఒంగి, కుడి కన్ను మూసుకుని, రెక్క మొదలు నుంచి కొస దాకా చూపు నడిపించాడు. నడిమధ్యకి వచ్చేసరికి అంచు కాస్త లోపలికి ఒంగింది, నీళ్ళలో ముంచిన పుల్లలా విరిగినట్టయి, అవతల మళ్ళీ తిన్నగా అయింది. వంకర రెక్కలో లేదు. ఎక్కడుందో తెలిసిన వంకర కోసం మళ్ళీ మళ్ళీ వెతకడమేమిటి, పుండు మానిందో లేదో అని గోకి చూసుకునే పిల్లాడిలా. అరవై తొమ్మిదేళ్ళ పిల్లాడు. ఈసారి ఎడమ కన్ను మూసుకుని చూశాడు. ఇది కాస్త నయం. మొన్న మొన్నటి దాకా ఈ కంటిలో ఏమీ లేదు, జూన్ వానలు మొదలైనప్పటి నుంచి ఇందులోనూ ఒక మసక చుక్క, అన్నంలో రాయంత. నగసె వెనక గదిలో టీ కాస్తున్నాడు. బయట వాన. వానలో బండి, బండిలో ఫుమియే. "మీరు చూసుకోండి, నేను ఇక్కడే ఉంటా," అంది గుమ్మం ముందు బండి ఆపి. ఆమె ఈ దుకాణం గడప తొక్కి పన్నెండేళ్ళు. గంట అవుతోంది ఆయన లోపలికొచ్చి. గంటసేపు ఒక మనిషిని బండిలో కూర్చోబెట్టి రెక్క అంచులు చూసుకునే మొగుణ్ణి ఏమనాలి? ఆమె ఏమీ అనదు. అదే కదా వచ్చిన చిక్కు.

తేల్చుకోవలసింది పెద్ద విషయమేమీ కాదు, రిమోట్‌తో ఎగరేసే రెండు విమానాలు, అందులో ఒకటి. పసుపుది ఒంటి రెక్క. దాని పక్కన స్టాండు మీద ఉన్న తెల్లది జంట రెక్క, ఒకదాని మీద ఒకటి, మేడ మీద మేడ కట్టినట్టు. రెండూ రెండు మీటర్ల లోపే, రెండూ అయిదు కిలోల లోపే, పోటీవాళ్ళు అంతవరకే ఒప్పుకుంటారు. ఒంటి రెక్కది గాలి అడ్డంగా కొట్టినా గీసిన గీతలా పోతుంది, నేల మీద నిలబడి వేలు కదిపితే కదిపినంతే మాట వింటుంది, కానీ ఒక రెక్క నేలకీ ఒక రెక్క ఆకాశానికీ పెట్టి పక్కవాటుగా పోయేటప్పుడు సన్నగా పీలగా అయిపోతుంది. జంట రెక్కది గాలికి తెరచాప, ఒక్క ఈదురు వచ్చిందంటే దాన్ని పట్టుకోవడంతోనే సరిపోతుంది, కానీ నిదానం. నిట్టనిలువుగా ఎక్కుతున్నా దిగుతున్నా ఒకే నడక. ఆకాశంలో ఇల్లంత కనిపిస్తుంది. ఇల్లంత. ఇదివరకు ఇనుయి విమానం ఎంచుకోవడమంటే ఇలా ఉండేది కాదు. పొట్ట లోతెంత, రెక్క మందమెంత, బరువు ముందుకుందా వెనక్కుందా, వేళ్ళ మీద తూచి, ముక్కు పట్టుకుని ఎత్తి, ఒక్క పూటలో తేల్చేసేవాడు, ఇంకొకరికి సలహా కూడా ఇచ్చేవాడు, వద్దన్నా ఇచ్చేవాడు. ఇప్పుడు అవన్నీ పక్కకి పోయి ఒకే ఒక్క లెక్క మిగిలింది, ఏది కనిపిస్తుంది. పసుపు దాని పొట్ట కింద నల్ల పట్టీలున్నాయి, మబ్బు పట్టిన రోజున కూడా పైవైపేదో కిందివైపేదో తెలుస్తుంది. తెల్లది మబ్బులో మబ్బు. కానీ పెద్దది. నగసెని అడిగితే చెప్పడు, "వేళ్ళు మీవి, కళ్ళు మీవి, మధ్యలో నేనెవర్ని," అంటాడు. వ్యాపారస్థుడి మాట. ఆ మాటకి ఇందాక నవ్వాడు ఇనుయి, నవ్వాలి కాబట్టి.

కళ్ళ డాక్టరు ఒక కాగితం ఇచ్చాడు, చిన్న చిన్న గళ్ళు, నడిమధ్యలో ఒక చుక్క. రోజూ పొద్దున్నే దాన్ని మూరెడు దూరంలో పట్టుకుని చుక్క వంక చూడమన్నాడు, గళ్ళు ఒంగినట్టు కనిపిస్తే రమ్మన్నాడు. ఒంగాయి. వెళ్ళాడు. కంటిలో సూదిమందు వేశారు, మళ్ళీ వేస్తారు, ఇంతకంటే త్వరగా పాడవకుండా ఆపడానికి, పోయింది తేవడానికి కాదు. "ఈ ఏడాదికి పరవాలేదనుకుంటా," అన్నాడు డాక్టరు, ఆ కుర్రవాడికి ముప్పై అయిదుంటాయేమో, ఈ ఏడాది అనే మాట అంత తేలిగ్గా అన్నాడు. నలభై ఏళ్ళ పాటు ఇనుయి చేసిందల్లా గీతలు తిన్నగా గీయడమే, ఆకాశం మీద. సున్నా చుడితే గుండ్రంగా ఉండాలి, నిలువు గీస్తే నిలువుగా ఉండాలి, ఒంగితే న్యాయనిర్ణేతలు కుర్చీల్లో కూర్చుని చడీచప్పుడు లేకుండా మార్కులు కోసేస్తారు. అలాంటి మనిషికి లోకంలో గీతలన్నీ ఒంగి కనిపించే జబ్బు రావడం చూస్తే దేవుడికీ కాస్త వెటకారం ఉందనిపిస్తుంది. ఇంకో తమాషా ఉంది ఈ జబ్బులో. సూటిగా చూసిందే కనిపించదు. పక్కకి చూస్తే మాత్రం ఓరగా వచ్చి నిలబడుతుంది. విమానాన్ని చూడాలంటే విమానాన్ని చూడకూడదు. పోయిన నెల యహగి నది ఇసుకలో, ఆదివారం, క్లబ్బు గడ్డి కోసే వంతు ముగించుకుని విమానం ఎగరేశాడు. కుడి కొసన తిప్పుకుని నడిమధ్యకి తెచ్చి లూప్, అదే సున్నా, మొదలుపెట్టబోయేసరికి అది లేదు. ఆకాశం ఉంది, మోటారు చప్పుడుంది, విమానం లేదు. ఒకటి, రెండు, మూడు అనేలోపు మళ్ళీ చూపులో పడింది, తలకిందులుగా, ఏటి అవతలి రెల్లు మీద. ఎలా దింపాడో దింపాడు. "ఎండ కళ్ళలో పడింది," అన్నాడు అక్కడివాళ్ళతో. ఆ రోజు మబ్బు. అక్కడివాళ్ళు మర్యాదస్తులు, ఎవరూ పైకి చూడలేదు.

ఫుమియే ఉంటే పైకి చూసేది. ఆమె కళ్ళు ఎప్పుడూ పైనే ఉండేవి, ఆయన వెనక ఒకడుగు కుడిగా, చేతిలో అట్టకి అంటించిన కాగితం. ఆడించేవాడు విమానం మీంచి చూపు తీయకూడదు, అందుకని వెనక ఒక మనిషి నిలబడి తర్వాత చేయాల్సిందేమిటో పిలవాలి, ఆటలో ఎవరికైనా అంతే. చాలామంది స్నేహితుల్ని పెట్టుకుంటారు. ఇనుయి పెళ్ళాన్ని పెట్టుకున్నాడు, పందొమ్మిదేళ్ళు, ఎందుకంటే అలాంటి గొంతు ఆ చుట్టుపక్కల ఇంకొకరికి లేదు. పెళ్ళికి ముందు ఆమె యాత్రికుల బస్సుల్లో గైడు. తెల్ల చేతితొడుగులు, నీలం టోపీ, కొండ దారుల్లో బస్సు వెనక్కి తీయాల్సి వచ్చినప్పుడల్లా కిందికి దూకి, లోయ అంచున నిలబడి, ఈల ఊది, "ఓరై, ఓరై," అని పిలిచేది, అంతా సరిగ్గా ఉంది, రావచ్చని. పెద్ద బస్సు, యాభై మంది, వెనక లోయ. డ్రైవరు అద్దంలోకి కూడా చూసేవాడు కాదట, ఆమె ఓరై అంటే చాలట. ఆ ఓరైనే విమానాల దగ్గరికి తెచ్చింది. ఎగరేయడానికి ముందు ఆమె మోకాళ్ళ మీద కూర్చుని తోక పట్టుకునేది, ఆయన రిమోట్ పుల్ల కుడికి తోసేవాడు, రెక్కల వెనక అంచున పలకలు కదిలేవి, ఆమె చూసి చెప్పేది, కుడిది పైకి, ఎడమది కిందికి, ఓరై. ఆ మాట పడ్డాకే తోక వదిలేది. గాల్లోకి లేచాక ఇక పిలుపులు, లూప్, నిలువు, సగం రోల్, మధ్యలో ఊపిరి తీసుకునేంత ఖాళీ, ఇప్పుడు. కాగితంలో లేనివి కూడా చెప్పేది, కుడి రెక్క వాలింది, గాలి లోపలికి తోస్తోంది, మధ్య వచ్చింది. ఒక్క మాట ఎక్కువుండదు, ఒక్క మాట తక్కువుండదు. ఇంట్లో సంసారం అంత సాఫీగా సాగిందని చెప్పడానికి లేదు, కానీ విమానం గాల్లో ఉన్న ఆ ఎనిమిది నిమిషాలు మాత్రం ఇద్దరిదీ ఒకటే ఒళ్ళు. ఇప్పటికీ సందులోంచి బండి వెనక్కి తీసేటప్పుడు తనలో తనే ఓరై, ఓరై అనుకుంటుంది, పెదాలు కదిలీ కదలకుండా. పక్క సీట్లో ఆయన కిటికీలోంచి బయటకి చూస్తుంటాడు, విననట్టు.

నీలం విమానం. ఎటు తిరిగి వచ్చినా అక్కడికే రావాలి, వద్దనుకున్నా. దాన్ని కొనలేదు, కట్టారు, రెండు చలికాలాలు, ముందుగదిలో చాప మీద పాత పేపర్లు పరిచి. పక్కటెముకల్లాంటి సన్న చెక్కలు ఆయన కోసి అతికించాడు, వాటి మీద నీలం పొర పరిచి చిన్న ఇస్త్రీపెట్టెతో అంటించింది ఫుమియే, ఒక్క ముడత లేకుండా, ఎండాకాలం యూనిఫాం చొక్కాలు ఇస్త్రీ చేసిన చెయ్యి అది. ముక్కు మీద తెల్ల గీత కూడా ఆమె ఆలోచనే. పన్నెండేళ్ళ కిందటి మే నెల, ప్రాంతీయ పోటీ, సముద్రం దగ్గరి మైదానం. పోటీల్లో రిమోట్లన్నీ ఒక బల్ల మీద పెట్టించుకుంటారు, వంతు వచ్చినప్పుడే చేతికిస్తారు, ఇచ్చినప్పటి నుంచి మూడు నిమిషాల్లో లేవాలి. రిమోట్‌లో ఒక్కో విమానానికి ఒక్కో నంబరు, పాతదానికి రెండు, నీలం దానికి మూడు. రెండు పెట్టి మూడుని ఎగరేస్తే పలకలు తిరగబడి కదులుతాయి, కుడి అంటే ఎడమకి ఒరుగుతుంది. ఇది తెలియని పసివాడు లేడు ఈ ఆటలో. అంతకుముందు రోజు పాతదాన్ని సవరించి అలాగే వదిలేశాడు, ఆ రెండు అలాగే ఉండిపోయింది. ముందువాడు ఆలస్యం చేశాడు, గడియారం నొక్కారు, ఎవరో చెయ్యి ఊపారు. ఫుమియే తోక పట్టుకుని తలెత్తి, "రెక్కలు చూద్దామా?" అంది. అంది. ఇప్పుడు కూడా వినిపిస్తోంది, నగసె వెనక గదిలో కెటిల్ మూత చప్పుడు మీదుగా. "చూశాన్లే, టైం లేదు, వదులు," అన్నాడు ఇనుయి. ఆమె ఒక్క క్షణం వదల్లేదు. తర్వాత వదిలింది.

ఆరు సెకన్లు. లేచింది, కుడి రెక్క కాస్త వాలింది, ఎడమకి తోశాడు, ఇంకా వాలింది, ఇంకా తోశాడు, తోసిన కొద్దీ వాలింది. మునిగేవాణ్ణి పైకి లాగుతున్నాననుకుని తొక్కుతున్నట్టు. నేలకి తగిలిన చప్పుడు చాలా చిన్నది, రెండు చలికాలాలకి ఆ మాత్రం చప్పుడేనా అనిపించేంత. కిందికి చూశాడు, రిమోట్ అద్దంలో రెండు. అప్పుడు ఆయన బొటనవేలు చేసిన పని ఉంది చూశారూ, దాన్ని ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పుకోలేదు, గుళ్ళో కూడా. ఎవరూ దగ్గరికి రాకముందే స్విచ్ నొక్కేసింది. అద్దం నల్లబడింది. కొమురో, హత్తా, నగసె, ముగ్గురూ పరిగెత్తుకొచ్చారు, ఒకే క్లబ్బు, ఒకే నది ఒడ్డు, ఒకే గడ్డి కోసే వంతులు. "అదేంటయ్యా, రెక్కలు చూసుకోలేదా?" అన్నాడు కొమురో. ఇనుయి నోరు తెరిచాడు. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అని పెద్దలు ఊరికే అనలేదు, కానీ జారడం కాదది, నిజం చెప్పుకోవాలంటే, ఏరుకుని అన్న మాట. "చూశాం. ఆవిడ ఓరై అంది." అంతే. ఫుమియే నాలుగడుగుల దూరంలో నిలబడి ఉంది. విన్నది. ఆయన వైపు చూసింది, కోపంగా కాదు, బస్సులో దిగాల్సిన చోట దిగకుండా కూర్చుండిపోయిన మనిషి వంక చూసినట్టు. ముద్దన్నపు ఉండలు కట్టి తెచ్చిన గుడ్డ విప్పి, నేల మీద పరిచి, నీలం ముక్కలన్నీ ఏరి అందులో పెట్టి మూట కట్టింది. ఆ రోజు ఆ ఉండలు ఎవరూ తినలేదు. తర్వాత ఆదివారం ఫ్లాస్కు కడిగి, తుడిచి, పై అరలో పెట్టి, "నేను రాను," అంది. ఎందుకని అడిగాడు, సిగ్గులేనివాడు, ఎందుకని అడిగాడు. "గొంతు బాలేదు," అంది. పన్నెండేళ్ళుగా బాలేదు ఆ గొంతు. వీధి చివర వాళ్ళ కోరస్‌లో ముందు వరసలో నిలబడి పాడుతుంది, ఫోనులో చెల్లెలితో గంటలు గంటలు నవ్వుతుంది, ఆదివారం పొద్దున మాత్రం బాగుండదు.

వాళ్ళూ వీళ్ళూ పిలిచారు ఆ తర్వాత. కొమురో మాటకీ మాటకీ మధ్య దగ్గేవాడు, హత్తా వరస మరిచిపోయి వెనక్కి వెళ్ళేవాడు. కన్ను బాగున్నన్నాళ్ళూ దానికేం, సర్దుకున్నాడు, రెండుసార్లు మూడో స్థానం కూడా వచ్చింది. కన్ను పోతుంటే తెలిసింది, కాగితం ఎవడైనా చదువుతాడు, విమానం ఎక్కడుందో ఏ రెక్క వాలిందో కళ్ళ బదులు గొంతుతో చూపించే మనిషి లోకంలో ఒక్కతే ఉంది. ఆమె వెనక నిలబడితే అక్టోబరు పోటీలో ఎగరేయగలడు, పసుపుదైనా తెల్లదైనా. నిలబడకపోతే ఏ రంగైనా ఒకటే, రెల్లు మీద కూలడానికి రంగెందుకు. గంట నుంచీ రెండు విమానాల మధ్య తేలనిది ఇదీ, రెక్కలూ పొట్టలూ కాదు. అడగాలి. అడగాలంటే ముందు ఆ మాట వెనక్కి తీసుకోవాలి. ఎన్నిసార్లు అనుకోలేదు? స్నానపు తొట్టెలో, బల్ల దగ్గర, ఆమె గిన్నెలు తుడుస్తుంటే. తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాడు, ఒక ఏడాది ఊరుకుంటే రెండో ఏడాది ఇంకా కష్టం, పన్నెండో ఏడాదికి అది ఇంట్లో ఒక బీరువా అయి కూర్చుంది, దాని పక్కనుంచి ఒదిగి నడవడం ఇద్దరికీ అలవాటైపోయింది.

"ఇంకా తేలలేదా? పెళ్ళిచూపుల్లో కూడా ఇంతసేపు చూసుండరు," అంటూ నగసె టీ గ్లాసులు తెచ్చి పెట్టాడు. నగసెకి యాభై ఎనిమిది, అందరికంటే చిన్నవాడు, అందుకే మిగిలాడు. "ఉండండి, కరెంటిచ్చి చూపిస్తా, కదులుతుంటే చూస్తే మనసు తేలుతుంది." పసుపు దానికి బ్యాటరీ తగిలించి, దుకాణం రిమోట్ తీసి, పుల్ల కుడికి తోశాడు. పలకలు కదిలిన చప్పుడైంది, జిర్రుమని, ఆ చప్పుడుకి ఇనుయి చేతివేళ్ళు వాటంతటవే ముడుచుకున్నాయి. రెక్క వంక సూటిగా చూశాడు. పసుపు రంగులో ఒక బూడిద మరక. పక్కకి చూశాడు, ఏదో పైకి లేచింది, ఏదో దిగింది, ఏ పక్కదో అందలేదు. "ఎలా ఉంది?" అన్నాడు నగసె. "బాగుంది. సరిగ్గా ఉంది," అన్నాడు ఇనుయి. నగసె పకపకా నవ్వాడు. "ఏంటండీ, నన్ను పరీక్షిస్తున్నారా? తిరగబడి కదులుతుంటే! నిన్న వేరేదాని నంబరు పెట్టి మర్చిపోయా." నంబరు మార్చాడు. మళ్ళీ జిర్రుమంది. ఇనుయి కూడా నవ్వాడు, పెదాలు ఎండిపోయి పళ్ళకి అతుక్కున్నాయి. చూశాన్లే, వదులు. పన్నెండేళ్ళ తర్వాత, చేతిలో టీ పట్టుకుని, అదే అబద్ధం, అదే నున్నటి గొంతుతో, అడిగిన మరుక్షణం. అప్పుడంటే కంగారు, గడియారం, పరువు. ఇప్పుడేమిటి? ఇప్పుడేమీ లేదు. అంటే నోరే అలాంటిది.

"ఒక్క నిమిషం, ఇంటావిడని అడిగి వస్తా," అని లేచాడు. "అడగండి, అడగండి, మా ఇంట్లోనూ అంతే," అన్నాడు నగసె. గుమ్మం మెట్టు ఎక్కడుందో కాలితో వెతుక్కుని దిగి, వానలో బండి దాకా నడిచి, తలుపు తీసుకుని కూర్చున్నాడు. అద్దాలన్నీ ఆవిరి పట్టి ఉన్నాయి. ఫుమియే ఒళ్ళో పత్రిక పెట్టుకుని అంకెల గళ్ళు నింపుతోంది.

"తేలిందా?"

"అక్టోబరు పోటీకి నువ్వొచ్చి పిలుస్తావా?"

పెన్సిలు ఆగింది. వాన బండి కప్పు మీద పడుతోంది, ఒకే తీరుగా.

"నాకు కనిపించడం లేదు ఫుమియే."

"తెలుసు. మార్చి నుంచీ చారులో ముక్క వదిలేసి గిన్నె అంచు పట్టుకుంటున్నారుగా."

"ఆ రోజు..." అన్నాడు, ఆగాడు, ఆగితే ఇంక రాదని తెలిసి మళ్ళీ అన్నాడు. "ఆ రోజు రెక్కలు చూద్దామా అని నువ్వడిగావు. నేనే వద్దన్నా. నంబరు తప్పు నాదే. చూసి కూడా ఆపేశా, ఎవరికీ కనబడకుండా. నువ్వు ఓరై అనలేదు." ఇంత మాట. ఇంత చిన్నది. ఒక్క ఊపిరిలో అయిపోయింది, దీన్ని మోయడానికా పన్నెండేళ్ళు నడుం ఒంగింది.

ఫుమియే పత్రిక మూసింది. "ఇది నాకెందుకు చెప్తున్నారు? తోక పట్టుకున్నది నేనేగా. నాకు తెలియంది ఏముంది ఇందులో? ఎవరితో అన్నారో వాళ్ళకి చెప్పండి."

"కొమురో పోయాడు. హత్తాకి పెళ్ళామే గుర్తు లేదు."

"నగసె ఉన్నాడుగా, లోపల."

"చెప్తే వస్తావా?"

"ముందు చెప్పి రండి. బేరం తర్వాత," అంది. ఆ గొంతులో కోపం లేదు, పాతకాలపు పిలుపు ఉంది, ఒక్క మాట ఎక్కువ కాకుండా, తక్కువ కాకుండా. ఆ గొంతు వినగానే ఇనుయి, వస్తుంది, అనుకున్నాడు, వస్తుంది, చెప్తే వస్తుంది. వానలో తడుస్తూ వెనక్కి నడుస్తుంటే అరవై తొమ్మిదేళ్ళూ గుర్తు రాలేదు. పసుపుదే, అనుకున్నాడు, నల్ల పట్టీలున్నదే, ఆమెకి దూరం నుంచి ఏ పక్క ఎటుందో చప్పున తెలుస్తుంది, తెల్లది మబ్బులో కలిసిపోతే ఆమె మాత్రం ఏం పిలుస్తుంది, ఇంతసేపూ తన కంటికేది ఆనుతుందని చూశాడు గాని చూడాల్సింది ఆమె కంటికి, ఎంత తెలివితక్కువ. గుమ్మంలోంచే అన్నాడు, "నగసె గారూ, పసుపుది పక్కన పెట్టండి, ఇప్పుడే చెప్తా. మీతో ఒక మాటుంది. మా నీలం విమానం గుర్తుందా?"

"ఎలా మర్చిపోతానండీ!" నగసె మొహం వెలిగింది. "ముక్కు మీద తెల్ల గీత. ఎంత నున్నగా ఉండేదో, చెయ్యేస్తే జారేది. సముద్రం దగ్గర పడిపోయింది కదా, లేస్తూనే. నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది, రెక్క కొస తగిలి గిర్రున తిరిగింది. పాపం."

"ఆ రోజు మా ఆవిడ ఓరై అందని మీతో అన్నాను. అనలేదు. రెక్కలు చూద్దామని ఆవిడే అడిగింది, నేనే వద్దన్నా. రిమోట్ నంబరు తప్పు పెట్టి, దాన్ని దాచి, ఆవిడ మీద పెట్టాను. అబద్ధం చెప్పాను, మీ ముగ్గురికీ." తల వంచాడు, నడుం దాకా, చేతులు తొడలకి ఆనించి. కింద నేల మీద చెప్పుల తడి. చాలాసేపు వంగే ఉన్నాడు.

"అయ్యో అయ్యో, ఏంటిది, లేవండి," అన్నాడు నగసె. తల గోక్కున్నాడు. "మీరలా అన్నారా మాతో? ఏమో... నాకు గుర్తు లేదండీ. నిజంగా. మేమంతా విమానం వంకే చూస్తున్నామనుకుంటా." ఏదో తట్టినట్టు, "అదేంటి, అందుకేనా ఆవిడ రావడం మానేసింది? మేము మోకాళ్ళ నొప్పులేమో అనుకున్నాం. హత్తా గారైతే మీ ఇద్దరికీ పడట్లేదేమో అనేవారు." చిన్నగా నవ్వాడు, మంచివాడు, నొప్పించడం తెలియనివాడు. "పన్నెండేళ్ళ నాటి మాట, ఇప్పుడెందుకు లెండి. మరి పసుపుదేనా?"

"పది నిమిషాలు," అన్నాడు ఇనుయి. ఎందుకన్నాడో. బయటకొచ్చి చూరు కింద నిలబడ్డాడు. ముగ్గురి ముందు ఆమెని నిలబెట్టి వేసిన నింద, ఆ ముగ్గురిలో ఎవరి బుర్రలోనూ ఒక్క పూట కూడా నిలవలేదు. నీలం పొర నునుపు గుర్తుంది, తెల్ల గీత గుర్తుంది, వాటిని ఇస్త్రీ చేసిన మనిషి గుర్తు లేదు. ఆమె ఒక్కతే ఇన్నేళ్ళూ ఎవరూ వేయని శిక్షలో కూర్చుంది. కాదు, వేసినవాడు ఒకడున్నాడు, రోజూ ఎదురుగా కూర్చుని చారు తాగుతున్నాడు. ఇప్పుడేం చెప్పాలి? నగసె నివ్వెరపోయాడు, ఆవిడకి నా తరఫున క్షమాపణ చెప్పండన్నాడు, అని చెప్తే? ఎవరు వచ్చి చూశారు? ఒక్క మాట. ఆ ఒక్క మాటతో ఆమె మనసు కుదుటపడుతుంది, అక్టోబరులో వెనక నిలబడుతుంది, రెక్కలు చూద్దామా అంటుంది. అందరికీ మంచిదే. మంచిదే కదా. మాట అప్పటికే నోట్లో తయారై ఉంది, నున్నగా, చెయ్యేస్తే జారేలా. చూరు నీళ్ళు మెడ మీద పడ్డాయి. బండి తలుపు ఎక్కడుందో చేత్తో తడుముకున్నాడు.

"చెప్పారా?"

"చెప్పాను."

"ఏమన్నాడు?"

ఫుమియే తాళం తిప్పింది, వైపరు ఒక్కసారి అటు, ఒక్కసారి ఇటు. ఇంకోసారి అటు.

"గుర్తు లేదన్నాడు," అన్నాడు ఇనుయి. "విమానం గుర్తుందిట. మిగతాది గుర్తు లేదుట."

ఆయన ఆమె మొహం చూడాలని తల తిప్పాడు, అక్కడ మొహం లేదు, జుట్టు ఉంది, చెవి ఉంది, మెడ దగ్గర కాలరు ఉంది, మధ్యలో బూడిద రంగు. పక్కకి చూస్తే కనిపించేదేమో. చూపు తిప్పడానికి ధైర్యం చాల్లేదు.

"నాకు గుర్తుంది," అంది. "నేను ఓరై అనలేదు."

పత్రిక తీసి వెనక సీట్లో పడేసింది. గేరు మార్చి, సీటు మీద చెయ్యేసి వెనక్కి తిరిగి చూసుకుంటూ బండి వెనక్కి తీసింది. ఇనుయి చెవులు రిక్కించి కూర్చున్నాడు. ఆమె పెదాల మీంచి ఏ మాటా రాలేదు. దుకాణం అద్దం వెనక నగసె ఇంకా పసుపు రెక్క పట్టుకుని నిలబడి ఉన్నాడో, గోడ కొక్కేనికి తిరిగి తగిలించేస్తున్నాడో, ఇనుయి అటే సూటిగా చూశాడు, అందుకే ఏమీ కనిపించలేదు.